చెఱసాల వెలుపలి తోడు — జెర్రీ మెకాలీ జీవితము

మన శరణులలో కన్నడ మారితందె అను మహనీయుడు కలడు. పూర్వాశ్రమమున ఇతడు గోడలకు కన్నములు వేసి దొంగిలించెడివాడని సంప్రదాయము. పేరుకు ముందున్న కన్నడ శబ్దము భాషను తెలుపునది కాదనియు, కన్నము అను మాటనుండి వచ్చినదనియు పెద్దలు చెప్పుదురు. ఆ శరణుని వచనములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. ఈ కథ మన పాఠకులకు క్రొత్తది కాదు. ఇట్టి మఱియొకని కథ చెప్పవలెనని ఈ ప్రయత్నము. ఇతడు మన దేశమువాడు కాడు, మన మతమువాడు కాడు. కాలమును ఏడువందల ఏండ్ల తరువాతిది. అయినను ఇతని జీవితమున మన మఠములును గృహస్థులును ఆలోచింపదగిన విషయ మొకటి కలదు.

అతని పేరు జెర్రీ మెకాలీ. పేరు వినినంతనే మన దేశమున ఆంగ్లవిద్యను ప్రవేశపెట్టించిన మెకాలే ప్రభువు పాఠకులకు గుర్తుకు రావచ్చును. ఆయన వేఱు, ఇతడు వేఱు. ఇతడు న్యూయార్క్ నగరపు నదిదొంగ.

చెఱనుండి విడుదలయై వచ్చినవానికి సంఘ మేమి చేయవలెనని అడిగినచో మనము సామాన్యముగా రెండు మాటలు చెప్పుదుము. పని చూపవలెను, మంచి చెప్పవలెను. రెండును కావలసినవే. కాని పని దొరకిన పిమ్మటను, మంచి వినిన పిమ్మటను మఱల పాత దారిని పట్టినవారిని మన మందఱము చూచియున్నాము. వారికి లోపించినదేమి? మెకాలీ జీవితము ఆ ప్రశ్నకు తన అనుభవముచేతనే సమాధాన మిచ్చినది. పైగా ఆ సమాధానము అతనికి సులభముగ లభింపలేదు. ఎన్నియో మారులు పడిన పిమ్మట లభించినది.

జెర్రీ 1839లో ఐర్లండు దేశమున జన్మించెను. తండ్రి దొంగనాణెములు చేయువాడు. న్యాయాధికారులకు భయపడి, బిడ్డకు ఊహ తెలియకముందే ఇల్లు విడిచి పోయెను. బాలుడు అవ్వ ఇంట పెరిగెను. ఆమె దైవభక్తి కలది. మోకరిల్లి జపము చేసికొనుచుండగా ఈ బాలుడు ఆమెపై మట్టిగడ్డలు మున్నగునవి విసరెడివాడట. ఆమె లేచి నోరార శపించి, మఱల జపమునకు కూర్చుండెడిదట. ఇది అతడే పెద్దవాడైన పిమ్మట నవ్వుచు చెప్పుకొన్న సంగతి. బడి ముఖము చూడలేదు. అక్షరము రాలేదు. పదుమూడవ ఏట అతనిని న్యూయార్క్‌లో కాపురమున్న అక్క యొద్దకు ఓడ యెక్కించిరి.

అక్క ఇంట అతడు చాలకాలము నిలువలేదు. ఆ నగరమునకు తూర్పున ఈస్ట్ నది కలదు. దాని యొడ్డున వాటర్ వీథి, చెర్రీ వీథి అను ఇరుకు వీథులు నాడు నాలుగవ వార్డునకు చేరినవి. నావికులకొఱకు వెలసిన సారాయి అంగళ్లు, నృత్యశాలలు, జూదపు ఇండ్లు ఆ వీథుల కిరువైపుల క్రిక్కిఱిసి యుండెడివి. జెర్రీ అచ్చటనే మకాము పెట్టెను. చిన్న పడవయొకటి సంపాదించి, రాత్రివేళ లంగరు వేసిన ఓడల చెంతకు చప్పుడు కాకుండ చేరి, చేతికందినది దొంగిలించి తెల్లవారకముందే అమ్మివేయుట అతని వృత్తియయ్యెను. పోట్లాట, త్రాగుడు దినచర్యలాయెను. వార్డులోని వారే అతనిని చూచి జంకెడివారు.

ఇంకను ఇరువదియేండ్లు నిండకముందే, 1857లో, దారిదోపిడి నేరముపై అతనికి 15 ఏండ్ల శిక్ష పడినది. ఆ యొక్క నేరమును మాత్రము తాను చేయలేదని అతడు తుదివఱకు చెప్పుచుండెను. చేసిన వందలకొలది దొంగతనములు దాగియుండగా, చేయని దానికి శిక్షపడుట అతని మనస్సులో విషమై నిలిచినది. అతనిని పంపిన చోటు సింగ్ సింగ్ కారాగారము. న్యూయార్క్‌నకు ఉత్తరమున హడ్సన్ నదీతీరమున, ఖైదీలచేతనే రాయి కొట్టించి కట్టించిన భవనమది. ఒక్కొక్క గది 7 అడుగుల పొడవు, 3 అడుగుల 3 అంగుళముల వెడల్పు. చేతులు చాపినచో రెండు గోడలు తగులును. ఖైదీలు ఒకరితో నొకరు మాటలాడరాదు. ఒకని వెనుక నొకడు అంటుకొని అడుగులో అడుగు వేయుచు నడువవలెను. పగలెల్ల పని, రాత్రియెల్ల మౌనము. నేరస్థుడు ఒంటరిగా తన పాపమును తలపోసి మారునని ఆనాటి యేలికల నమ్మకము. జెర్రీ అచ్చట తివాచీ నేయుట నేర్చుకొనెను, చదువుటయు కొంత నేర్చుకొనెను. మార్పు మాత్రము మౌనమువలన రాలేదు.

అది వచ్చిన విధము వినదగినది. చెఱలో కొన్ని సంవత్సరములు గడచిన పిమ్మట ఒక ఆదివారమున ఖైదీల నెల్లరను ప్రార్థనమందిరమునకు నడిపించిరి. ఎప్పటివలె ఎవరో పెద్దమనిషి వచ్చి బోధ చేయును, తాను వినకుండ కూర్చుండవచ్చునని జెర్రీ తలవంచుకొని యుండెను. తల యెత్తిచూడగా వేదికపై మతాచార్యుని ప్రక్కన ఓర్విల్ గార్డ్‌నర్ కూర్చుండి యుండెను. ఇతడు బోధకుడు కాడు. ముష్టియుద్ధమునకును జూదమునకును పేరుపడిన ప్రచండుడు. భయంకరుడను బిరుదుతో నగరమంతయు ఎఱిగినవాడు. జెర్రీకి వెలుపలి లోకమున పరిచితుడు. గార్డ్‌నర్ లేచి, ఆ వేదికపై నిలుచుటకు తనకు అర్హత లేదని చెప్పి, క్రిందికి దిగి ఖైదీల నడుమకు వచ్చెను. కొంతకాలము క్రిందట తానును వారివలెనే చారల బట్టలు ధరించియుంటినని చెప్పి, మాట పెగలక కంటతడి పెట్టెను.

వేదికనుండి ఆ మనిషి దిగిన ఆ నాలుగు మెట్లే ఈ కథకంతటికి కీలకమని నాకు తోచుచున్నది. మతాచార్యుడు అంతకుముందు అనేక ఆదివారములు అవే మాటలు చెప్పియే యుండును. ఆ మాటలను ఖైదీలు నమ్మలేదనుట కాదు. అవి తమకొఱకని వారికి తోచలేదు. తనను ఎఱిగినవాడు, తనకంటె చెడ్డవాడు, మారి వచ్చి ఎదుట నిలుచుటతో జెర్రీకి మొదటిసారి అది తన మాటయైనది. ఆ రాత్రి గదికి పోయి, గాలికంతలో దుమ్ముకొట్టుకొని పడియున్న బైబిలును దులిపి తీసెను. గార్డ్‌నర్ చెప్పిన వాక్యమెక్కడ నున్నదో వెదకుటకు చదువనారంభించెను. ఆ వాక్యము దొరకలేదు గాని చదువు నిలిచినది. కొన్నాళ్లకు ఒకరాత్రి గదిలో మోకరిల్లి రోదించి, మనశ్శాంతిని పొందెను.

ఇట్టి జీవితకథలు పెక్కు ఇచ్చటనే ముగియును. దొంగ మారెను, భక్తుడాయెను, శుభమస్తు అని వ్రాసి ముగింతురు. మెకాలీ నిజాయితీ యేమనగా, 1876లో ప్రకటించిన తన ఆత్మకథలో తరువాతి భాగమును అతడు దాచలేదు.

1864లో గవర్నరు హొరేషియో సీమోర్ అతనికి క్షమాభిక్ష ప్రసాదించెను. ఏడేండ్ల చెఱ ముగిసినది. జెర్రీ ద్వారము దాటి వెలుపలికి వచ్చెను. అతని కొఱకు ఎదురుచూచువాడు ఒక్కడును లేడు. మంచివారి యిండ్లు అతడెఱుగడు, ఎఱిగిన యిండ్లు మంచివి కావు. నాలుగవ వార్డునకు మఱల పోరాదని చెఱలో నిశ్చయించుకొనెను. కాని బస యిచ్చినవారు అతనిని సారాయి అంగడి పైనున్న గదికి చేర్చిరి. వారు తేలికపాటి బీరు త్రాగుచుండిరి. అది మద్యము కాదని, నీటివంటిదని చెప్పిరి. అతడు నమ్మి త్రాగెను. కొలది కాలములోనే మఱల నాలుగవ వార్డు, మఱల పడవ, మఱల రాత్రి దొంగతనము. అవి అమెరికా అంతర్యుద్ధపు దినములు. సైన్యమున చేరువారికి ప్రభుత్వ మిచ్చు సొమ్మును కాజేయు నీచవ్యాపారమునను అతడు చేయి పెట్టెను. ఒకనాటి రాత్రి మత్తులో నదిలో పడి, ప్రవాహమునకు కొట్టుకొనిపోయి, చావు తప్పి బయటపడెను. సింగ్ సింగ్ గదిలో అతనికి కలిగిన మార్పు అబద్ధమా? అబద్ధము కాదు. దానికి వెలుపల తోడు లేకపోయెను, అంతే.

ఆ దినములలో వాటర్ వీథిలో ఒక విచిత్రము జరిగినది. 1868లో పత్రికలవారు అచ్చటి నృత్యశాల యజమాని జాన్ ఆలెన్ అనువానిని న్యూయార్క్‌లో నెల్ల దుష్టుడని వర్ణించి వ్రాసిరి. అంతట ఎగువ నగరపు ధనికులును బోధకులును గుంపులుగా వచ్చి ఆ సారాయి అంగళ్లలోనే ప్రార్థనసభలు జరిపిరి. వీథియంతయు మారినదని ఊరెల్ల ప్రచారమైనది. కాని సభలకొఱకు యజమానులకు అద్దె ముట్టినదని పత్రికలే వెల్లడించుటతో ఆ సంరంభము చల్లారెను. కారులు మాఱినట్లు గుంపు వెడలిపోయెను. వీథి వీథిగనే యుండెను.

జెర్రీకి చేయూత నిచ్చినది ఆ గుంపు కాదు. హోవర్డ్ మిషన్‌కు చెందిన హెన్రీ లిటిల్ అను సామాన్య సేవకుడు చెర్రీ వీథిలోని అతని బసకు నడచివచ్చెను. మద్యము మానుదునని వ్రాలు చేయించెను. జెర్రీ వ్రాలు చేసి తప్పెను. మఱల చేసి మఱల తప్పెను. ఒకనాడు తినుటకు తిండిలేక, మఱల దొంగతనమునకు పోకతప్పదని అతడు చెప్పగా, లిటిల్ తన మేనిమీది కోటును విప్పి కుదువపెట్టియైన సొమ్ము తెచ్చెద గాని దొంగతనమునకు పోవలదని బతిమాలుకొనెను. జెర్రీ ఆ కోటును చూచెను. అరిగి దారములు తేలిన పలుచని కోటు. ఇంతటి పేదవాడు తనకొఱకు ఆ కోటును విడువ సిద్ధపడెనని అతని గుండె కరగెను. లిటిల్ దొంగ కాడు, చెఱ చూచినవాడును కాడు. కాబట్టి అదే దారి నడచినవాడే రక్షింపగలడని మొండిగా వాదించుట తగదు. తన కోటు విప్పగలవాడు ఎవడైనను చాలును. అయితే అట్టివారు అరుదు.

అప్పటికిని పతనములు ఆగలేదు. మద్యము మానినను పొగాకు మానలేదు. దానివెంటనే మద్యము తిరిగి వచ్చుచున్నదని తెలిసికొని తుదకు దానిని గూడ విడిచెను. ఆ తరువాతనే అతడు నిలకడ పొందెనని అతడే చెప్పుకొనెను.

ఇచ్చట అతని సహధర్మచారిణి మరియాను గూర్చి చెప్పకున్నచో అన్యాయ మగును. మరియా ఫాహీ అతనితో వివాహము లేకయే కలిసి బ్రదికినది, అతనితో సమానముగ త్రాగినది. మారవలెనని ఇరువురును నిశ్చయించిన పిమ్మట, కలిసి యున్నచో ఒకరినొకరు క్రిందికి లాగుకొందుమని గ్రహించి కొంతకాలము వేఱుగ నుండిరి. నిలకడ పొందిన పిమ్మట ధర్మయుక్తముగ వివాహము చేసికొనిరి. అటుపైన అతడు చేసిన పనియంతటిలో ఆమె సగము పాలు వహించెను. వీథిలోని స్త్రీలు అతనితో చెప్పుకొనలేని మాటలు ఆమెతో చెప్పుకొనెడివారు. వారిలో ఒకతెయై యుండినది గనుక ఆమె ముఖము చూచి సిగ్గుపడవలసిన పని వారికి లేకుండెను.

జెర్రీ సుంకపు కార్యాలయమున కూలిపని చేయుచుండగా ఒకనాడు మేలుకొనియుండియే కలవంటి దానిని కనెను. నాలుగవ వార్డులో తానొక ఇల్లు పెట్టినట్లును, పాత స్నేహితులు మురికితో వచ్చుచుండగా తాను వారిని లోనికి పిలిచి స్నానము చేయించి శుభ్రపఱచుచున్నట్లును అతనికి తోచెను. ఏ వార్డునుండి పారిపోవలెనని ఇన్నాళ్లు తపించెనో ఆ వార్డునకే మరలి పోవలెనని అప్పుడు నిర్ణయించుకొనెను. ఆల్ఫ్రెడెరిక్ హాచ్ అను ధనికునికి వాటర్ వీథిలో 316వ సంఖ్య గల ఇల్లు ఉండెను. పూర్వ మది నృత్యశాల. దానిని హాచ్ అతనికి విడిచెను. 1872 అక్టోబరులో జెర్రీయు మరియాయు ఆ యింటికి సున్నము వేసి, చేయూతనిచ్చు ఇల్లని పేరు వ్రాసి, తలుపులు తెఱచిరి.

ఆ యింట జరిగినది చెప్పుటకు చాల స్వల్పము. ప్రతిరాత్రి సభ. సంవత్సరమున ఒక్క రాత్రియైన మానలేదు. లోనికి వచ్చువానిని పేరడుగరు, మతమడుగరు. ఆకలిగొన్నవానికి తిండి, చోటులేనివానికి పడక. జెర్రీ ఒక భాగము చదివి, తన కథ కొంత చెప్పి కూర్చుండును. అటుపిమ్మట బల్లలపై నున్నవారు లేచి తమ తమ సంగతులు చెప్పుదురు. ఒక్కొక్కనికి ఒక్క నిమిషమే కాలము. దీర్ఘోపన్యాసము మొదలుపెట్టిన పెద్దమనిషిని జెర్రీ మొగమాటము లేక కూర్చుండబెట్టెడివాడు. మొన్నరాత్రి త్రాగివచ్చినవాని ఎదుట, నిన్నరాత్రి త్రాగకుండ గడపినవాడు లేచి నిలిచి ఎట్లు గడపెనో చెప్పును. అతనికి ప్రక్కన మూడు నెలలు నిలిచినవాడు, అతని ప్రక్కన మూడేండ్లు నిలిచినవాడు. నిచ్చెనకు మెట్లు ఎట్లో ఇదియు నట్లు. పదియవ మెట్టుపై నున్న మహాత్ముని చూచి క్రింద నున్నవాడు నిరాశపడును. తనకంటె ఒక్క మెట్టు పైనున్నవాని చేయి అతనికి అందును.

రెండవ విషయము. తప్పినవాడు తిరిగి వచ్చినచో జెర్రీ ద్వారము మూయలేదు. దాతలలో కొందఱికి ఇది నచ్చలేదు. తిండి కొఱకే మారినట్లు నటించువారు అనేకులు చేరుదురని వారి ఆక్షేపణ. ఆ ఆక్షేపణలో నిజము లేకపోలేదు. కాని తాను ఎన్నిమారులు వ్రాలు చేసి తప్పెనో లెక్క యెఱిగినవాడు ఇతరులకు లెక్క పెట్టలేకపోయెను. మోసగించుటకు వచ్చినవానిని కనిపెట్టుటలోను అతనిదే పైచేయి. ఆ మోసములన్నియు అతడు చేసి విడిచినవే గదా!

1876లో పాత యింటిని పడగొట్టి మూడంతస్తుల ఇటుక భవనమును కట్టిరి. ఆ బల్లలపైనుండి లేచినవారిలో మైకేల్ డన్ అనువాడు జీవితమున అధికభాగము చెఱసాలలలోనే గడపినవాడు. అతడు మారి, విడుదలయైన ఖైదీలకు పని నేర్పి కూడు పెట్టు ఇంటిని న్యూయార్క్‌లోనే వేఱుగ నెలకొల్పెను. తనకు 1864లో చెఱ ద్వారమువద్ద లభింపనిది జెర్రీ వలన మఱియొకనికి లభించి, అతని వలన ఇంక ననేకులకు చేరినది.

మన దేశమునను ఇట్టిది జరుగకపోలేదు. 1960లో చంబల్ లోయలలో వినోబా భావే పాదయాత్ర చేసినపుడు లోకమన్ దీక్షిత్ అను బందిపోటు నాయకుడు ఆయన యెదుట ఆయుధములు విడిచెను. పండ్రెండేండ్లకు, 1972లో, జయప్రకాశ్ నారాయణ్ మిగిలిన బందిపోట్లను లొంగుబాటునకు ఒప్పింప బూనినపుడు, ఈ లోకమనును, పేరుమోసిన మాన్‌సింగ్ కుమారుడైన తహసీల్దార్ సింగును తన దూతలుగ లోయలలోనికి పంపెను. పోలీసులు కాలు పెట్టలేని చోట్లకు వారు నిరాయుధులై పోయి మాటలాడి వచ్చిరి.

జెర్రీ నగరమగు న్యూయార్క్‌లోనే 2012లో ప్రొబేషన్ శాఖవారు ఆర్చెస్ అను పథకమును ఆరంభించిరి. శిక్షపడి పర్యవేక్షణలో నున్న 16 మొదలు 24 ఏండ్ల యువకులకు, పూర్వము తామును చెఱ ననుభవించి మారినవారిని తోడుగ నియమించుట దాని పద్ధతి. వారికి జీతమును, శిక్షణయు కలవు. 2018లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ వారు దీనిని పరిశీలించి, ఈ తోడు పొందినవారికి ఒక యేడాదిలో మఱల పెద్దనేరము క్రింద శిక్షపడుట, సరిపోల్చిన ఇతర యువకులకంటె 69 శాతము తక్కువగ నున్నదనియు, రెండేండ్లకు చూచినను 57 శాతము తక్కువగ నున్నదనియు ప్రకటించిరి. ఈ మేలు ముఖ్యముగ 18 ఏండ్ల లోపువారియందు కనబడినది. ఒక్క పరిశీలనతో అంతయు తేలినట్లు కాదు గాని, వాటర్ వీథి బల్లలపై జరిగిన దానికి లెక్కలవారి సాక్ష్యము కొంత చేరినది.

జెర్రీ ఆరోగ్యము మాత్రము చెఱలోనే చెడినది. సింగ్ సింగ్‌లో పట్టిన క్షయ అతనిని విడువలేదు. అయినను 1882 జనవరిలో నగరమధ్యమున, ఆరవ అవెన్యూ చెంత 32వ వీథిలో క్రెమోర్న్ మిషన్ అను రెండవ యింటిని తెఱచెను. సంపన్నుల వినోదములకు పేరుపడిన పేట అది. అక్కడి పతనము పట్టుబట్టలు కట్టుకొని యుండునని అతడెఱుగును. ఆ యేటి ఏప్రిల్ మాసమున శామ్యూల్ హాడ్లీ అను త్రాగుబోతు ఆ సభకు వచ్చెను. చదువుకొన్నవాడు. దొంగసంతకములతో సొమ్ము లాగి, తలదాచుకొన చోటులేక తిరుగుచున్నవాడు. మద్యము లేక వణకుచు, తనంతట తానే పోలీసు ఠాణాకు పోయి తన్ను బంధింపుమని కోరుకొన్న స్థితిలోనిది అతని రాక. జెర్రీ కథ వినెను, అతని వెనుక లేచిన పాతిక ముప్పదిమంది కథలు వినెను. ఇతడే తరువాతికాలమున విలియం జేమ్స్ తన మతానుభవ గ్రంథమున ఉదాహరించిన హాడ్లీ.

1884 సెప్టెంబరు 18వ తేదీన జెర్రీ మెకాలీ మరణించెను. అప్పటికి నలువదియైదేండ్లు. బ్రాడ్వే టాబర్నకిల్ అను పెద్ద ఆలయమున అంత్యక్రియలు జరుగగా, లోపల చోటు చాలక జనము వీథిలో నిలిచిరి. ధనికులు బండ్లలో వచ్చిరి. వాటర్ వీథివారు నడచి వచ్చిరి.

భర్త పోయిన పిమ్మట మరియా క్రెమోర్న్ మిషన్‌ను నడపెను. వాటర్ వీథి యింటిని 1886లో హాడ్లీ చేతి కప్పగించిరి. అతడు ఇరువదియేండ్లు, 1906లో కన్నుమూయువఱకు, ప్రతిరాత్రి ఆ వేదికపై కూర్చుండెను. అతని పిమ్మట ఆ కుర్చీ జాన్ వైబర్న్ అనువానికి వచ్చినది. వైబర్న్ కూడ త్రాగి సర్వము పోగొట్టుకొని, ఒకనాటి రాత్రి ఆ యింటి తలుపు త్రోసికొని వచ్చి, వెనుక బల్లపై కూర్చుండినవాడే.